ఇంగ్లండ్‌లో చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి అభిమాని కావడం ఎలా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకి మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్ గుర్తొస్తాయి. 2015లో ఉద్యోగం కోసం నార్తాంప్టన్ వచ్చినప్పుడు నాక్కూడా అంతే తెలుసు. ఆ ఊరి క్లబ్బు అప్పుడు నాలుగో మెట్టు మీద ఆడుతోంది. ఒక శనివారం ఏమీ తోచక వెళ్ళాను. ఆ తర్వాత మానలేకపోయాను. నాతో ఒకే ఇంట్లో అద్దెకుండే గుంటూరు కుర్రాడు "అన్నా, టీవీలో కూడా రాని మ్యాచ్ కోసం ఇంత చలిలో ఎందుకన్నా?" అని అడిగేవాడు. చదువుకో, ఉద్యోగానికో ఇలాంటి ఊళ్ళకి వస్తున్న తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం, ఇండియాలో ఉండి ఈ చిన్న లీగుల మీద మనసు పడ్డవాళ్ళ కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ముందు మెట్లు లెక్కపెట్టండి

ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు మళ్ళీ ఏడాది కూడా ఐపీఎల్‌లోనే ఆడుతుంది. ఇక్కడ అలా కుదరదు. పైన ప్రీమియర్ లీగ్, 20 క్లబ్బులు. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24. అన్నీ కలిపితే 92. నేను వట్టి 'లీగు' అన్నచోట ఈ నాలుగు మెట్లనే అనుకోండి. లీగ్ వన్ అంటే మూడో మెట్టు. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. లీగ్ టూ కింద నేషనల్ లీగ్, ఆ కింద ప్రాంతీయ లీగులు, అలా పల్లెటూరి మైదానాల దాకా మెట్లు దిగుతూనే ఉంటాయి.

లీగ్ టూలో ప్రతి క్లబ్బూ 46 మ్యాచ్‌లు ఆడుతుంది. మొదటి మూడు స్థానాలవాళ్ళు నేరుగా పైకి వెళ్తారు. నాలుగు నుంచి ఏడు దాకా ఉన్నవాళ్ళు ప్లేఆఫ్ ఆడితే అందులో ఒకరికి దారి దొరుకుతుంది. అడుగునున్న ఇద్దరు నేషనల్ లీగ్‌లోకి పడిపోతారు. రాచ్‌డేల్ క్లబ్బు 102 ఏళ్ళు లీగులో నిలబడి 2023లో అలా పడిపోయింది.

ఈ మెట్లకి జ్ఞాపకశక్తి ఎక్కువ. అక్రింగ్టన్ స్టాన్లీ అనే క్లబ్బు 1962లో అప్పుల పాలై సీజన్ మధ్యలోనే లీగు వదిలేసింది. ఖాళీ అయిన చోటు ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌కి దక్కింది. ఊరివాళ్ళు 1968లో స్టాన్లీని మళ్ళీ మొదలుపెట్టి, కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కించి, 2006లో తిరిగి లీగులోకి తెచ్చారు. సరిగ్గా ఆ ఏడాదే లీగు నుంచి కిందకి పడిపోయిన వాళ్ళలో ఆక్స్‌ఫర్డ్ ఉంది.

2. దగ్గర్లో ఉన్న క్లబ్బునే ఎంచుకోండి

గెలిచేది ఏది, స్టార్ ఆటగాడు ఎక్కడున్నాడు అని చూడకండి. ఇంటి నుంచి నడిచో, సిటీ బస్సులోనో వెళ్ళగలిగే క్లబ్బు మీది. వెంటనే దాని చరిత్ర చదవండి, ఊరు కూడా అర్థమవుతుంది. నార్తాంప్టన్ చెప్పులూ బూట్లూ కుట్టిన ఊరు. అందుకే మా జట్టుని కాబ్లర్స్ అంటారు, చెప్పులు కుట్టేవాళ్ళని అర్థం. 1960ల మొదట్లో నాలుగో డివిజన్‌లో ఉన్న ఈ క్లబ్బు 1965లో అన్నిటికంటే పై డివిజన్‌కి ఎక్కి, అక్కడ ఒక్క సీజన్ ఆడి, 1969కల్లా మళ్ళీ నాలుగో డివిజన్‌లో పడింది. పెద్దా చిన్నా క్లబ్బులన్నీ కలిసి ఆడే నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్. 1970లో అందులో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు జార్జ్ బెస్ట్ ఒక్కడే ఆరు గోల్స్ కొట్టింది మా మీదే. ఆ మ్యాచ్ 8-2తో పోయింది. ఇక్కడి ముసలివాళ్ళు ఆ కథ ఇప్పటికీ పూస గుచ్చినట్టు చెబుతారు.

స్టేడియం దగ్గర వాల్టర్ టల్ స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఈ జట్టుకి ఆడిన నల్లజాతి ఆటగాడు ఆయన. తర్వాత సైన్యంలో అధికారి అయి 1918లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. ఊరికి కొత్తగా వచ్చిన నాకు, అంత కాలం కిందటే ఈ జెర్సీ ఆయన వేసుకున్నాడని తెలిసిన రోజు చాలా ధైర్యం వచ్చింది.

ఇండియాలో ఉంటే ఏదో ఒక బంధం వెతుక్కోండి. మీ అక్క చదివిన ఊరు, స్నేహితుడు పనిచేసే ఊరు ఏదైనా సరే. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని 2010లో కొన్నది చికెన్ వ్యాపారంతో మనందరికీ తెలిసిన వెంకీస్. ఆ క్లబ్బు 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి, 2017లో చాంపియన్‌షిప్ నుంచి పడిపోయి, మరుసటి ఏడాదే మూడో మెట్టు నుంచి తిరిగి ఎక్కింది. మన దేశపు డబ్బు అక్కడ ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్న కథని ఆ ఊరి అభిమానుల వైపు నుంచి చదవండి.

3. మైదానానికి వెళ్ళండి

టికెట్ క్లబ్బు వెబ్‌సైట్‌లోనే కొనండి. సొంత జట్టు అభిమానుల స్టాండ్‌లోనే తీసుకోండి. ఎదుటి జట్టు రంగు వేసుకోవద్దు. మా దగ్గరైతే పొరుగూరు పీటర్‌బరో నీలం అసలు పనికిరాదు. ఒక గంట ముందే చేరుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలి పైనుంచి కాదు, కింద కాంక్రీటులోంచి ఎక్కుతుంది. స్వెట్టర్లు ఎన్ని వేసినా లాభం ఉండదు.

ఇది నాకు నేర్పింది పక్క సీటు పెద్దాయన. మొదటి రోజు నేను వణుకుతుంటే చూసి, "హియర్ యు ఆర్, మి డక్" అంటూ ఒక అట్టముక్క నా కాళ్ళ కింద పెట్టాడు. ఈ ప్రాంతంలో ఆత్మీయంగా పలకరించాలంటే డక్ అంటారు, మనం నాయనా అన్నట్టు. ఆయన సంచిలో అలాంటి అట్టలు రెండు ఉండేవి. ఒకటి తనకి, రెండోది చనిపోయిన తమ్ముడిదట. ఒడిలో చిన్న నోట్‌బుక్, చెవి మీద పెన్సిల్. పదకొండు పేర్లూ రాసుకుని, గోల్ పడితే పేరు పక్కన ఒక గీత, పసుపు కార్డు వస్తే ఒక చుక్క. తొంభై నిమిషాల్లో ఆయన అరవడం నేను చూడలేదు. గోల్ పడిన ప్రతిసారీ పెన్సిల్ పట్టుకున్న చెయ్యి వణకడం మాత్రం చూశాను.

టీవీ చూసి వచ్చినవాళ్ళకి కొత్తగా అనిపించేది ఇంకొకటి ఉంది. లీగ్ వన్, లీగ్ టూ మామూలు మ్యాచ్‌ల్లో వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ తీర్పుని సరిదిద్దే పద్ధతి, లేదు. లైన్స్‌మన్ జెండా ఎత్తలేదంటే గోల్ గోలే. ఆ క్షణంలోనే లేచి, ముక్కూ మొహం తెలియనివాళ్ళని కౌగిలించుకోవచ్చు. ప్రీమియర్ లీగ్ వాళ్ళు పోగొట్టుకున్నది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

హాఫ్ టైమ్‌లో క్యూ పెద్దదవుతుంది, పై (లోపల కూరో మాంసమో పెట్టి కాల్చిన తినుబండారం) గానీ టీ గానీ కావాలంటే 40వ నిమిషంలోనే లేవండి. శాకాహారులు చీజ్ అండ్ ఆనియన్ పై ఉందా అని అడగండి. స్టాండ్‌లో బూతులు వినపడతాయి. పిల్లలతో వెళ్తే ఫ్యామిలీ స్టాండ్ తీసుకోండి.

4. వెళ్ళలేని రోజుల్లో

శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదు. టీవీలో పెద్ద మ్యాచ్ వస్తే చిన్న క్లబ్బుల గేటు దగ్గర జనం తగ్గుతారని బర్న్‌లీ క్లబ్బు చైర్మన్ బాబ్ లార్డ్ 1960ల్లో పట్టుబట్టి తెచ్చిన కట్టుబాటు ఇది. కాలం చెల్లిందని కొందరంటారు. నా మట్టుకు అది ఉండాలి. శనివారం మూడు గంటలనేది మాకు మిగిలిన ఆస్తి.

ఇండియా నుంచి అయితే మూడు గంటల మ్యాచ్ వేసవి సమయంలో రాత్రి 7.30కి, అక్టోబర్ చివర్లో గడియారం మారాక 8.30కి మొదలవుతుంది. మంగళవారం రాత్రి మ్యాచ్ అంటే అర్ధరాత్రి దాటినట్టే. వీడియో, ఆడియో పాస్‌లు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి క్లబ్బు వెబ్‌సైట్‌లో చూసుకుని కొనండి. ఆడియో దొరికితే అదే మేలు, చెవిలో పెట్టుకుని వంట కూడా చేసుకోవచ్చు. ఆ గుంటూరు కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. శనివారం రాత్రి పదిన్నరకి "ఎంత అన్నా?" అని మెసేజ్ పెడతాడు.

5. పాయింట్ల పట్టికలో చివరి గడి దాకా చదవండి

గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. పాయింట్లు సమానమైతే గోల్ డిఫరెన్స్, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేయగా మిగిలింది. అదీ సమానమైతే ఎవరు ఎక్కువ కొట్టారని చూస్తారు. ఆ ఆఖరి గడి దాకా ఎప్పుడొస్తుందిలే అనుకునేవాణ్ణి.

2022 మే 7, సీజన్ చివరి రోజు. మేము మూడో స్థానం, బ్రిస్టల్ రోవర్స్ నాలుగు. పాయింట్లు ఇద్దరికీ 77. గోల్ డిఫరెన్స్‌లో మేము 5 ముందున్నాం. మా మ్యాచ్ కంబ్రియా తీరంలో ఉన్న బారోలో. పెద్దాయన అభిమానుల బస్సులో తెల్లవారకముందే బయల్దేరాడు. నేను ఇంట్లో ఫోన్‌లో రెండు స్కోర్లు పెట్టుకుని కూర్చున్నాను. మేము 3-1తో గెలిచాం. ఇంకేం కావాలి? అక్కడ రోవర్స్ ఆడుతున్నది అప్పటికే కిందకి పడిపోయిన స్కన్‌థార్ప్‌తో. వాళ్ళు చాలామంది కుర్రాళ్ళని దింపారు. మూడు, నాలుగు, ఐదు, ఆరు. 85వ నిమిషంలో ఎలియట్ ఆండర్సన్ తలతో కొట్టాడు, ఏడు. జనం మైదానంలోకి దూకేశారు, ఆట ఆగిపోయింది. అది మళ్ళీ మొదలై ముగిసేదాకా నేను పట్టికనే చూస్తూ ఉండిపోయాను. ఇద్దరికీ 80 పాయింట్లు. ఇద్దరికీ గోల్ డిఫరెన్స్ 22. వాళ్ళు కొట్టిన గోల్స్ ఎక్కువ. పైకి వెళ్ళింది వాళ్ళు. మేము ప్లేఆఫ్‌లో మ్యాన్స్‌ఫీల్డ్ చేతిలో ఓడాం.

ఆ రోజు అన్నం సయించలేదు. చాలామంది మానేస్తారనుకున్నాను. ఆగస్టులో మొదటి హోమ్ మ్యాచ్‌కి పెద్దాయన అవే రెండు అట్టముక్కలతో వచ్చి కూర్చున్నాడు. 2023 మేలో ట్రాన్‌మేర్‌లో 1-0తో గెలిచి మేము లీగ్ వన్‌కి ఎక్కాం.

6. ఆటగాడిని ప్రేమించండి, కానీ వెళ్ళిపోతాడని తెలుసుకునే ప్రేమించండి

ఆ ఏడో గోల్ కొట్టిన ఆండర్సన్ న్యూకాజిల్ నుంచి కొన్ని నెలల కోసం అప్పుగా వచ్చిన కుర్రాడు, ఇప్పుడు ఇంగ్లండ్ జట్టుకి ఆడుతున్నాడు. పెద్ద క్లబ్బుల కుర్రాళ్ళు ఇలా వచ్చి, నేర్చుకుని వెళ్తుంటారు. మిగతావాళ్ళ ఒప్పందాలు ఏడాదో రెండేళ్ళో. మే నెలలో ఎవరిని ఉంచుతున్నారో, ఎవరిని పంపేస్తున్నారో క్లబ్బు జాబితా ఇస్తుంది. జెర్సీ మీద పేరు వేయించుకోవాలంటే మా సామ్ హాస్కిన్స్‌లా ఏళ్ళ తరబడి ఉండిపోయినవాడి పేరు వేయించుకోండి.

7. నమ్మకం పోయినప్పుడు

ఓటమికి మనసు విరిగితే వారంలో అతుక్కుంటుంది. యజమానుల వల్ల విరిగితే అలా కాదు. అభిమాని ఎక్కువ తెలుసుకోవాల్సింది ఇక్కడే.

2015లో నేను వచ్చేసరికి మా స్టేడియం తూర్పు స్టాండ్ సగం కట్టి వదిలేసి ఉంది. పనుల కోసం ఊరి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) ఇచ్చిన 10.25 మిలియన్ పౌండ్ల అప్పు ఏమైందో ఊరంతా అడుగుతోంది. ఆటగాళ్ళకి జీతాల్లేవు, పన్ను బకాయిల మీద క్లబ్బుని మూసేయమని పిటిషన్ పడింది. ఆ నవంబర్‌లో యజమాని మారాడు. అదే జట్టు అదే సీజన్‌లో 99 పాయింట్లతో లీగ్ టూ గెలిచింది. అందరి కథా ఇలా ముగియదు. బరీ క్లబ్బు 1885లో పుట్టింది, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచింది. 2018 డిసెంబర్‌లో ఒక్క పౌండుకి చేతులు మారింది. 2019 ఆగస్టు 27న, కొనేవాళ్ళు వస్తారన్న ఆశతో అభిమానులు స్టేడియం కుర్చీలు తుడుస్తూ ఉన్నారు. ఆ రాత్రే లీగు నుంచి క్లబ్బుని బహిష్కరించారు.

అందుకని ఏడాదికోసారి కంపెనీస్ హౌస్ (కంపెనీల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్ తెరిచి మీ క్లబ్బు లెక్కలు చూడండి, ఉచితం. లెక్కలు సమయానికి దాఖలయ్యాయా? స్టేడియం క్లబ్బు పేరు మీద ఉందా, ఇంకెవరి పేరు మీదైనా ఉందా? దేన్నైనా తాకట్టు పెట్టారా? దాఖలు ఆలస్యమవుతోందంటే అడగడం మొదలుపెట్టండి. దివాలా తీసి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్తే 12 పాయింట్లు కోస్తారు. ఆ శిక్ష ముందు తగిలేది ఆటగాళ్ళకీ మనకీ.

తర్వాత సపోర్టర్స్ ట్రస్ట్‌లో, అంటే క్లబ్బు వ్యవహారాల్లో మాట చెల్లేలా అభిమానులు పెట్టుకునే సంఘంలో చేరండి. ఈ పద్ధతి దేశంలో మొదలైంది మా ఊళ్ళోనే. 1992లో క్లబ్బు అప్పుల్లో మునిగితే బ్రయాన్ లోమాక్స్ అనే అభిమాని ముందుండి ట్రస్ట్ పెట్టారు. అభిమానులు ఓటేసి ఎన్నుకున్న డైరెక్టర్‌గా బోర్డులో కూర్చున్నారు. ఎక్సెటర్ సిటీని 2003 నుంచి అభిమానుల ట్రస్టే నడుపుతోంది. 2005లో ఆ క్లబ్బు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 0-0తో నిలువరించింది. ఆ మ్యాచ్, డ్రా అయినందుకు మళ్ళీ ఆడిన రీప్లే తెచ్చిన డబ్బుతో అప్పుల నుంచి గట్టెక్కింది. ఎఫ్ఏ కప్ ప్రధాన రౌండ్లలో రీప్లేలు 2024-25 నుంచి తీసేశారు. చిన్న క్లబ్బులకి ఇంతకంటే అన్యాయం ఈ మధ్య జరగలేదు.

క్లబ్బునే ఊరు దాటించేస్తే? 2002లో లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బుని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకుని, పార్కులో ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళని ఎంచుకుని, 2011కల్లా లీగులోకి వచ్చారు. బ్లాక్‌పూల్ అభిమానులు యజమానుల మీద కోపంతో సీజన్ల తరబడి సొంత మైదానంలో అడుగుపెట్టలేదు, వాళ్ళ చేతి నుంచి క్లబ్బు జారాక 2019లో వేల మంది తిరిగొచ్చారు. బహిష్కరణ తప్పు కాదు, కానీ అది అన్నీ ప్రయత్నించాక చేసేది. ఆ ఎడబాటులో శనివారం ఖాళీగా ఉంచుకోకండి, పక్క ఊళ్ళో ఇంకా కింది మెట్టు క్లబ్బు ఏదో ఒకటి ఆడుతూనే ఉంటుంది.

2025లో చట్టం చేసి ఫుట్‌బాల్‌కి స్వతంత్ర నియంత్రణ సంస్థను తెచ్చారు. యజమానుల అర్హతనీ, క్లబ్బుల ఆర్థిక స్థితినీ అది చూస్తుంది. అయినా ట్రస్ట్ సమావేశానికి వెళ్ళడం మానకండి. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన టీ, రెండు గంటల లెక్కల చర్చ ఉంటాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు వెనక వరుసలో కూర్చుని విన్నాను. రెండోసారి స్టాండ్ ఎప్పుడు పూర్తవుతుందని చెయ్యెత్తి అడిగాను. నా ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగి, నా ప్రశ్న కూడా తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.