హెర్బేరియం కోసం అడవి పుట్టగొడుగుల్ని ఎలా సేకరించాలి? ఎలా రికార్డు చేయాలి?

ఉరుములతో నాలుగు వానలు పడితే చాలు పుట్టల మీద, గట్ల మీద, పుచ్చిపోయిన మామిడి మొద్దుల మీద పుట్టగొడుగులు లేస్తాయి, రెండ్రోజుల్లో కుళ్లి పోతాయి కూడా. హెర్బేరియం అంటే ఆరబెట్టిన మొక్కల, పుట్టగొడుగుల శాంపిళ్లని దాచిపెట్టే చోటు. దానికోసం మొక్కల్లాగా వీటిని పేపర్ల మధ్య పెట్టి నొక్కకూడదు, ఆరబెట్టాలి. ఆరాక రంగు, వాసన, ఆకారం దాదాపు ఏవీ మిగలవు, కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు మీరు రాసుకున్నదే ఆ శాంపిల్‌కి ప్రాణం.

వెళ్లేటప్పుడు కత్తి, చిన్న బొరిగె, స్కేలు, పెన్సిలు, నోట్‌బుక్, బుట్ట, పేపర్ కవర్లు తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్ మాత్రం వద్దు, అందులో చెమర్చి ఇంటికొచ్చేసరికి ముద్దైపోతాయి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే ముందే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ తీసుకోవాలి.

కనిపించగానే పీకేయొద్దు! ముందు ఉన్నచోటే ఫోటోలు తీయండి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, గొడుగు కింద రేకులు కనపడేలా ఒకటి, పక్కన స్కేలు పెట్టి. తర్వాత చుట్టూ మట్టి తవ్వి మొదలుతో సహా తీయాలి. పుట్ట మీద లేచేవాటికి కాడ కిందకి వేరులా సాగి లోపల చెదలు పెంచుకునే బూజు గూడు దాకా పోతుంది, పైన పట్టుకుని లాగితే పుటుక్కున తెగి అసలు గుర్తు మట్టిలోనే ఉండిపోతుంది. అమానిటా అనే పుట్టగొడుగు రకాల్లో చాలావాటికి కాడ అడుగున సంచిలాంటిది ఉంటుంది, అందులో చంపేసేంత విషమున్నవి ఉన్నాయి, ఆ సంచి లేకుండా తెచ్చిన శాంపిల్ని గుర్తుపట్టడం చాలా కష్టం. లేతవి, ముదిరినవి రెండూ తీసుకోండి, కొన్ని అక్కడే వదిలేయండి.

ప్రతిదానికీ ఒక నంబర్ ఇచ్చి అదే నంబర్ కవర్ మీద, నోట్‌బుక్‌లో, ఫోటోలో కనపడాలి. నేను మొదట్లో ఇంటికెళ్లి రాద్దాంలే అనుకుని మూడు కవర్లు కలిపేసుకున్నా, ఏది ఏ చెట్టు కింద దొరికిందో తెలీక మూడూ పారేయాల్సొచ్చింది, ఇప్పటికీ బాధే. తేదీ, ఊరు, జీపీఎస్, మట్టిలోనా చెక్క మీదా పేడ మీదా, దగ్గర్లో ఏ చెట్లు, గొడుగు వెడల్పు, వాసన, కోస్తే రంగు మారుతుందా, పాలు కారతాయా... ఇవన్నీ అక్కడే కూర్చుని రాసేయండి.

ఇంటికి రాగానే స్పోర్ ప్రింట్ తీయాలి, అంటే రేకుల నుంచి రాలే విత్తనాల్లాంటి సన్నటి పొడి (స్పోర్లు) అచ్చు. ఒక గొడుగు కోసి సగం తెల్ల కాగితం మీద, సగం నల్ల కాగితం మీద వచ్చేలా రేకులు కిందకి ఉండేలా బోర్లించి పైన గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే గిన్నె తీస్తే రేకుల ముగ్గు దిగి ఉంటుంది, తెలుపో గులాబీయో గోధుమో నలుపో. గడ్డిలో వచ్చే పెద్ద తెల్ల గొడుగు, మీద గోధుమరంగు పొలుసులు, ప్రింట్ మాత్రం ఆకుపచ్చగా వచ్చిందా, అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు రకం అయ్యే అవకాశం చాలా ఎక్కువ, తింటే వాంతులు విరేచనాలతో ఆస్పత్రిపాలే. అసలు శాంపిల్ కోసం తెచ్చినవేవీ వంటగదిలోకి పోకూడదు.

మిగతావి అదే రోజు ఆరబెట్టాలి. డీహైడ్రేటర్‌లో (వేడిగాలితో ఆరబెట్టే మెషీన్) 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది, వేడి ఎక్కువైతే ఉడికిపోతాయి. లావుగా ఉంటే నిలువునా చీల్చండి. విరిస్తే అప్పడంలా టప్పుమనాలి, మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే. తీయగానే జిప్‌లాక్‌లో వేసి మూసేయాలి, మన వానాకాలం గాలికి గంటలో మళ్లీ మెత్తబడతాయి. పురుగు పట్టకుండా వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి ఆ తర్వాత లేబుల్‌తో పేపర్ ప్యాకెట్‌లోకి మార్చండి, స్పోర్ ప్రింట్ కూడా మడిచి అందులోనే. డీఎన్ఏ కోసమైతే పచ్చిగా ఉన్నప్పుడే చిన్న ముక్క సిలికా జెల్‌లో (తేమ పీల్చే గింజలు) వేసిపెట్టుకోండి.

ఎక్కడివ్వాలి అంటే ముందు దగ్గర్లోని యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్‌ని అడగండి. పుణెలో అగార్కర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల అజ్రేకర్ హెర్బేరియం ప్రత్యేకంగా ఫంగస్‌దే, అంటే పుట్టగొడుగులు, బూజుల్లాంటివాటిదే. ముందు ఫోటోలు, నోట్స్ పంపి వాళ్లు సరే అన్నాకే ప్యాకెట్ పోస్ట్ చేయండి, ఎక్కువుంటే అదే నంబర్‌తో కొంత మీ దగ్గర కూడా ఉంచుకోండి.