పాత కారులో హీటర్ వేడినివ్వకపోతే లోపాన్ని కనిపెట్టడం ఎలా

చదువు కోసం అమెరికా వెళ్లిన మన విద్యార్థులు అక్కడ కొనే మొదటి కారు తరచుగా పాతదే అయి ఉంటుంది. మంచు పడేదాకా దాని హీటర్ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. తీరా చలికాలంలో చల్లటి గాలి వస్తే, ఏదో ఒక భాగాన్ని ఊహ మీద మార్పించి డబ్బు పోగొట్టుకుంటారు. అలా చేయనవసరం లేదు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌లో కొంత భాగం, డ్యాష్‌బోర్డు వెనుక ఉండే హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్ గుండా ప్రవహిస్తుంది; దాని మీదుగా ఫ్యాన్ తోసే గాలే వేడెక్కి మనకు చేరుతుంది. కనుక వేడి రాలేదంటే, వేడి కూలెంట్ కోర్‌కు చేరడం లేదని గాని, గాలి కోర్ మీదుగా రావడం లేదని గాని అర్థం.

మొదట చూడవలసింది కూలెంట్ మట్టం. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే రేడియేటర్ మూత తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే ఒత్తిడిలో ఉన్న ద్రవం ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. కూలెంట్ తగ్గితే కోర్‌లో గాలి చేరుతుంది. బండి పరుగెత్తుతున్నప్పుడు వెచ్చగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే చల్లబడే హీటర్ విషయంలో ముందుగా అనుమానించవలసింది దీనినే, ఆ తరువాతే కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు అరిగిందేమోనని. తగ్గిన కూలెంట్ నింపి ఊరుకోకూడదు, అది ఎటు పోయిందో వెతకాలి. బయట ఎక్కడా కారకుండానే తగ్గుతూ, పొగగొట్టం నుంచి తీయటి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ దిమ్మకూ మధ్య ఉండే సీలు) పోయి ఉండవచ్చు. అది మెకానిక్ చూడవలసిన పని.

మట్టం సరిగానే ఉంటే ఉష్ణోగ్రత ముల్లును గమనించాలి. అరగంట నడిపినా అది మధ్యకు రాకపోయినా, హైవే మీద మళ్లీ కిందికి జారినా, ఇంజిన్ వేడెక్కే వరకు కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ అనే వాల్వు తెరుచుకున్న స్థితిలో ఇరుక్కుపోయిందనుకోవచ్చు. చాలా కార్లలో ఇది చవకైన భాగమే.

ముల్లు సరైన చోటే నిలిస్తే, అసలు పరీక్ష రెండు పైపుల దగ్గర ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కే వరకు హీటర్‌ను పూర్తి వేడి మీద ఉంచి, తరువాత ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న అడ్డుగోడలోకి వెళ్లే రెండు హీటర్ పైపులను చేతికి గ్లవ్ వేసుకొని తాకి చూడాలి. రెండూ దాదాపు ఒకేలా బాగా వేడిగా ఉంటే కోర్‌కు కూలెంట్ అందుతున్నట్టే. లోపం గాలి దారిలో ఉంది. పాత కార్లలో వేడి, చలి గాలులను కలిపే తలుపును ఒక కేబుల్ లాగుతుంది. అది ఊడినా తెగినా తలుపు చలి వైపే ఉండిపోతుంది. వేడిని మార్చే నాబ్ మరీ తేలికగా తిరగడం దీనికి మంచి గుర్తు. ఒక పైపు బాగా వేడిగా, రెండోది చల్లగా ఉంటే కోర్ తుప్పుతోనో మడ్డితోనో పూడుకుపోయినట్టు. రెండు పైపులనూ విప్పి, కూలెంట్ మామూలుగా ప్రవహించే దిశకు ఎదురుగా తక్కువ ఒత్తిడితో నీరు పంపితే చాలాసార్లు కోర్ తెరుచుకుంటుంది. పాత కోర్ ఎక్కువ ఒత్తిడికి చిల్లులు పడుతుంది. కొన్ని బండ్లలో పైపు మీద, కోర్‌కు వెళ్లే కూలెంట్‌ను ఆపే హీటర్ వాల్వు కూడా ఉంటుంది, విప్పే ముందు అది తెరుచుకుంటున్నదో లేదో చూడాలి.

ఫ్యాన్ ఎక్కువ వేగంలో మాత్రమే తిరుగుతుంటే దాని వేగాన్ని తగ్గించే రెసిస్టర్ అనే భాగం, అసలే తిరగకపోతే ముందు ఫ్యూజు చూడాలి.

ముందు సీటు కాళ్ల దగ్గర చాప తడిసి, అద్దం మీద లోపలి వైపు జిడ్డు పొర పట్టి, తీయటి వాసన వస్తే కోర్ కారుతోందని అర్థం. చాలా కార్లలో దానిని మార్చడానికి డ్యాష్‌బోర్డు విప్పాలి కనుక కూలి ఖర్చు భాగం ధరను మించిపోతుంది. డబ్బు సమకూడే వరకు రెండు పైపులను ఒకదానికొకటి కలిపి కోర్‌ను తప్పించవచ్చు గాని, అప్పుడు అద్దం మీది మంచును కరిగించే వేడి గాలి కూడా ఉండదు. మంచు పడే రోజుల్లో ఆ కారును బయటికి తీయకూడదు.