ఫిల్మ్ కెమెరాతో ఒంటరిగా మెక్సికో నగరాలకు వెళ్లేవారికి కొన్ని జాగ్రత్తలు

ఫిల్మ్ కెమెరా వెంటబెట్టుకుని మెక్సికో వెళ్లాలనుకునేవారిలో చాలామంది అక్టోబరు చివరి వారాన్ని, నవంబరు మొదటి వారాన్ని ఎంచుకుంటారు. అప్పటికి వానలు వెనకబడతాయి, వెలుగు తేటపడుతుంది, నవంబరు 1, 2 తేదీలలో మృతుల పండుగ జరుగుతుంది. వీధులు కిక్కిరిసేది, గదులు దొరకనిది, జేబుదొంగలకు చేతినిండా పని ఉండేది కూడా ఆ రోజులలోనే. ఫోనుతో ఫొటోలు తీసుకునేవారికీ ఫిల్మ్ వాడేవారికీ అక్కడ రెండు తేడాలు ఉంటాయి. వెలుగు లెక్కచూసి, ఫోకస్ సరిచేసి, మీట నొక్కేదాకా ఫిల్మ్ వాడేవారి కన్నూ రెండు చేతులూ ఆ పనిలోనే చిక్కుకుని ఉంటాయి గనుక చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు. అదీగాక, తీసినదానికి మరో ప్రతి ఉండదు. కెమెరా పోతే మరొకటి కొనుక్కోవచ్చు గానీ, 36 ఫ్రేములూ నిండిన రీలు పోతే దానికి నకలు ఎక్కడా దొరకదు. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ రెండు తేడాలను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ముందుగా ప్రయాణ పత్రాల సంగతి తేల్చుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి మెక్సికో వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంగెన్ (ఉమ్మడి వీసా ఉన్న ఐరోపా) దేశాలలో దేనిదైనా గడువు తీరని వీసా గానీ, శాశ్వత నివాస హక్కు గానీ ఉన్నవారిని పర్యాటకులుగా వేరే వీసా లేకుండానే అనుమతిస్తారు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన తెలుగువారు కొందరు ఇక్కడే పొరబడుతుంటారు. అమెరికాలో ఉండడానికి ఆమోదపత్రం ఉంది గనుక సరిపోతుందనుకుంటారు, కానీ మెక్సికో అధికారి చూసేది పాస్‌పోర్టులో అంటించిన వీసా గడువును. అది తీరిపోయి ఉంటే మెక్సికో వీసాకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. టికెట్టు కొనేముందే మెక్సికో కాన్సులేటు ప్రకటించిన తాజా నియమాలను చదువుకోవడం మంచిది. దేశంలో అడుగుపెట్టినప్పుడు ఎన్ని రోజులు ఉండవచ్చో అధికారి పాస్‌పోర్టులో నమోదు చేస్తారు. ఆ సంఖ్యను కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే చూసుకోవాలి.

రీళ్లకు అసలైన ముప్పు వీధిలో కన్నా ముందే, విమానాశ్రయంలో ఎదురవుతుంది. కడగని రీళ్లను చెక్‌ఇన్ సామానులో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు, ఎందుకంటే ఆ సామానును పరీక్షించే యంత్రాల ఎక్స్‌రే బలం చాలా ఎక్కువ. ఫిల్ము వెలుగును గ్రహించే వేగాన్ని ఐఎస్‌ఓ సంఖ్యతో చెబుతారు. చేతిసంచులను చూసే పాత యంత్రాల గుండా 100, 200, 400 ఐఎస్‌ఓ రీళ్లు ఒకటి రెండుసార్లు వెళ్లినా పెద్ద నష్టం జరగదు. కానీ ఇప్పుడు చాలా విమానాశ్రయాలలో చేతిసంచులకు కూడా సీటీ స్కానర్లు (అన్ని వైపుల నుంచీ బలమైన ఎక్స్‌రేతో చూసే యంత్రాలు) వచ్చాయి. అవి ఏ వేగం ఫిల్మునైనా పొగపట్టినట్టు మసకబార్చగలవు. ఈ నష్టం ప్రతి తనిఖీతోనూ పెరుగుతూ పోతుంది. హైదరాబాద్ నుంచి మెక్సికో నగరానికి దారిలో కనీసం ఒకచోట విమానం మారక తప్పదు గనుక రానూపోనూ ఎన్ని తనిఖీలు ఉంటాయో ముందే లెక్కవేసుకోవాలి. సీసపు సంచి కొంటే చాలనే నమ్మకం మంచిది కాదు. సీటీ స్కానర్ ముందు అది నిలవదు సరికదా, లోపల ఏముందో కనబడక సిబ్బంది ఆ సంచిని విప్పించి మళ్లీ యంత్రంలో వేసే అవకాశం ఉంది. రీళ్లను డబ్బాలలోంచి తీసి, పారదర్శకమైన జిప్ సంచిలో పెట్టి, వరుసలో మన వంతు రాకముందే చేతితో పరిశీలించమని మర్యాదగా అడగాలి. మెక్సికోలో 'రెవిసియోన్ మాన్వాల్, పోర్ ఫవోర్' అంటే అర్థమవుతుంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆ అధికారి ఇష్టం. కెమెరాలో సగం వాడిన రీలు ఉంటే ఈ అభ్యర్థన మరింత చిక్కవుతుంది కాబట్టి విమానం ఎక్కే రోజుకు కెమెరా ఖాళీగా ఉండేలా చూసుకోవాలి.

కొత్తగా కొన్న పాత కెమెరాతో నేరుగా ప్రయాణానికి దిగకూడదు. బయలుదేరడానికి కనీసం నెల ముందు ఒక రీలు పూర్తిగా తీసి, కడిగించి, వెలుతురు ఎక్కడైనా లోపలికి కారుతోందేమో, ఫ్రేములు ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయేమో చూసుకోవాలి. బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేసే పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్‌ఎం2 వంటి యాంత్రిక కెమెరాలు ఒంటరి ప్రయాణికుడికి నమ్మకమైన తోడు అని నా అభిప్రాయం. వెలుగు కొలిచే మీటరుకు కావలసిన చిన్న బ్యాటరీలను మాత్రం రెండు జతలు అదనంగా తీసుకెళ్లాలి. కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లను రాసుకుని ఒక ప్రతిని ఇంట్లో ఉంచాలి.

మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్ ఎత్తు 550 మీటర్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే కాబట్టి, మొదటి ఒకటి రెండు రోజులు మెట్లు ఎక్కితే ఆయాసం రావడం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం సహజం. ఆ రోజులలో బరువైన సంచి మోయకుండా, నీళ్లు ఎక్కువగా తాగుతూ, నెమ్మదిగా నడవాలి. కుళాయి నీరు తాగరాదు. ఎత్తు వల్ల ఎండ తీక్షణంగా ఉంటుంది, నీడలు గాఢంగా పడతాయి. మెక్సికో నగర పాతబస్తీ వీధులలో ఒక పక్క గోడ తెల్లగా వెలిగిపోతుంటే ఎదుటి పక్క నల్లగా ఉంటుంది. నెగటివ్ ఫిల్ము కాస్త ఎక్కువ వెలుగును భరిస్తుంది గనుక నీడను కొలిచి తీయడం క్షేమం. నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడు ఫిల్ముకు ఆ ఓర్పు ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెళ్లేవారు మధ్యాహ్నం దాటాక వాన పడుతుందనే అనుకుని, తీయవలసినవి ఉదయమే ముగించుకోవాలి.

ఇక వీధుల సంగతి. మొదటి రీలును ఎక్కడ వాడాలని అడిగితే, ఆదివారం ఉదయం పసేయో దె లా రెఫోర్మా మీద అని చెబుతాను. ఆ పూట ఆ విశాలమైన దారిని మోటారు వాహనాలకు మూసి నడిచేవారికీ సైకిళ్లకూ వదులుతారు కాబట్టి, కొత్త ఊరిలో కెమెరా పట్టుకుని నిలబడే అలవాటు అక్కడ నిదానంగా కుదురుతుంది. రోమా, కొందేసా, కొయోవకాన్ పేటలలో పగటిపూట తిరగడం కష్టం కాదు. 'సోకలో' అనే నగర ప్రధాన మైదానం చుట్టూ ఉన్న పాతబస్తీ పగలు కళకళలాడుతుంది, దుకాణాలు మూసిన తరువాత కొన్ని వీధులు ఒక్కసారిగా నిర్మానుష్యమవుతాయి. ఆదివారం లా లగునియ్యా పాతసామాన్ల సంత ఫొటోలకు అద్భుతమైన చోటు. కానీ దాన్ని ఆనుకునే తెపీతో అనే పేట ఉంది, ఒంటరిగా, కెమెరాతో, దారి తెలియక అందులోకి నడవడం ప్రమాదం. సంతకు ఉదయమే వెళ్లి మధ్యాహ్నానికల్లా బయటపడాలి, వచ్చిన దారినే తిరిగి రావాలి.

వీధిలో కెమెరాను మెడలో ముందుకు వేలాడదీయకుండా, భుజం మీదుగా అడ్డంగా వేసుకుని, చొక్కా కింద గానీ మామూలు గుడ్డసంచిలో గానీ ఉంచుకోవాలి. కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉన్న పట్టీని మార్చి సాదా పట్టీ వేయాలి. ఫ్రేము చూసుకునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడడం, వీలైతే వీపును గోడకు ఆనించడం, తీసిన వెంటనే నాలుగడుగులు జరగడం అలవాటైపోవాలి. మెట్రోలో కెమెరా బయటకు తీయకపోవడమే మేలు. రద్దీ వేళల్లో ముందు పెట్టెలు మహిళలకు, పిల్లలకు కేటాయిస్తారు, ఒంటరిగా వెళ్లే మహిళలు వాటినే వాడుకోవాలి. వీధిలో వెళ్తున్న టాక్సీని చెయ్యి ఊపి ఆపకూడదు. యాప్ ద్వారా పిలిచిన కారు గానీ, స్టాండులో ఉండే 'సీతియో' టాక్సీ గానీ ఎక్కాలి. డబ్బు తీయవలసి వస్తే బ్యాంకు లోపలి ఏటీఎం వద్ద, పగటిపూట తీయాలి. ఎవరైనా ఎదురుపడి బెదిరిస్తే వాదించకుండా కెమెరా ఇచ్చేయాలి. ప్రాణంతో పోల్చదగిన లెన్సు ఏదీ లేదు. తరువాత పోలీసు ఫిర్యాదు నమోదు చేయించుకోకపోతే బీమా సొమ్ము రాదు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని చిక్కులో పడేసేది రీలు మార్చే సమయం. వెనక తలుపు తెరిచి, కొత్త రీలు కొసను స్పూలుకు పట్టించే ఆ రెండు నిమిషాలలో సంచి నేల మీద, కళ్లు కెమెరాలో ఉంటాయి. ఈ పనిని నడివీధిలో చేయకూడదు. కాఫీ హోటలులోకో చర్చి మంటపంలోకో వెళ్లి, సంచి పట్టీని కాలికి చుట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చుని చేయాలి. తీసిన రీలు కొసను పూర్తిగా లోపలికి చుట్టేయాలి, లేకపోతే అలసిన సాయంత్రం దాన్నే మళ్లీ ఎక్కించి రెండు ఊళ్లను ఒకే ఫ్రేము మీద కలిపేసే ప్రమాదం ఉంది. డబ్బా మీద మార్కరుతో వరుస సంఖ్య, ఊరు, తేదీ రాయాలి. ఆ రోజుకు సరిపోయే రీళ్లనే, అంటే రెండో మూడో, వెంట ఉంచుకోవాలి. తీసిన రీళ్లను మాత్రం ప్రతి సాయంత్రం గది లాకరులో భద్రపరచాలి. అప్పుడు సంచి పోయినా పోయేది ఒక్క రోజు పనే.

మనుషులను తీసేటప్పుడు జాగ్రత్త అంటే మర్యాదే. 'మే పెర్మీతే తొమార్లే ఉనా ఫోతో?' అని అడిగి, కాదంటే నవ్వి తలవంచి ముందుకు సాగాలి. పిల్లలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయకూడదు. సంతలో ఫొటో అడిగేముందు ఏదైనా కొనడం బాగుంటుంది. మెక్సికో ఫొటోగ్రాఫర్ గ్రాసియేలా ఇతుర్బిదే హుచితాన్ ఊరిలో సపోతెక్ అనే ఆదివాసీ జాతి మహిళలను తీయడానికి వాళ్ల మధ్యనే ఉండి, వాళ్లతో సంతకు వెళ్లి కూర్చున్నారు. రెండు రోజుల ప్రయాణికుడికి అంత తీరిక లేకపోయినా పది నిమిషాలు కూర్చునే తీరిక ఉంటుంది. చియాపాస్ రాష్ట్రంలో సాన్ క్రిస్తోబల్ దగ్గరి సాన్ హువాన్ చమూలా చర్చిలో ఫొటోలు తీయడం పూర్తిగా నిషిద్ధం. అక్కడి సోత్సిల్ ప్రజలు ఈ నియమాన్ని చాలా గట్టిగా పాటిస్తారు. లోపలికి వెళ్లేముందే కెమెరాను సంచిలో పెట్టేయాలి. పురాతత్వ స్థలాలలో ట్రైపాడ్ వాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి.

మృతుల పండుగ రాత్రి శ్మశానాలలో ఈ మర్యాద మరింత అవసరం. దక్షిణ మెక్సికోలోని వహాకా నగరం చుట్టుపక్కల కుటుంబాలు తమవారి సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పరిచి, రాత్రంతా కూర్చుంటాయి. బంతి మొక్కకు పుట్టిల్లు మెక్సికోయే. మన గుమ్మాలకు, బతుకమ్మకు చేరిన ఆ పువ్వు అక్కడ తిరిగివచ్చే ఆత్మలకు దారి చూపుతుందని నమ్ముతారు. మంచి ఫ్రేము కోసం ఆ పూలదారిని తొక్కడం, ఫ్లాష్ వెలిగించడం క్షమించరాని పనులు. 800 లేదా 3200 ఐఎస్‌ఓ ఫిల్ము వాడి, మోచేతులను ఒంటికి ఆనించి, నెమ్మదైన షట్టర్‌తో తీయాలి. ఎక్స్‌రేకు త్వరగా చెడేవి ఈ వేగవంతమైన రీళ్లే కాబట్టి వీటిని ఇక్కడి నుంచి మోసుకెళ్లకుండా మెక్సికో నగరంలో కొనడం తెలివైన పని. ఇదే పండుగకు పేరుపడిన పాత్స్‌క్వారో సరస్సు ప్రాంతం మిచోవకాన్ రాష్ట్రంలో ఉంది. ఆ రాష్ట్రానికి ప్రయాణ హెచ్చరికలు తీవ్రంగా ఉంటాయి కాబట్టి మొదటిసారి ఒంటరిగా వెళ్లేవారికి నేను వహాకానే సూచిస్తాను.

ఊరేగింపులు, నిరసనలు రెఫోర్మా మీద, సోకలోలో తరచుగా జరుగుతాయి. విదేశీయులు దేశ రాజకీయ వ్యవహారాలలో పాలుపంచుకోరాదని మెక్సికో రాజ్యాంగం 33వ అధికరణం చెబుతోంది. కెమెరా పట్టుకున్న విదేశీయుడు గుంపు మధ్యలో నిలబడడం కన్నా దూరంగా ఉండడమే మంచిది. పోలీసులను, సైనికులను, తనిఖీ కేంద్రాలను తీయకూడదు.

ఊరు మారేకొద్దీ జాగ్రత్త కూడా మారుతుంది. గ్వానహ్వాతోలో వాహనాలు పోయే సొరంగాలలో ఫోను దారి చూపడం మానేస్తుంది. పగటిపూట, కాగితం మీద గీసుకున్న దారితోనే దిగాలి. మేరిదాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ మన రామగుండం ఎండను గుర్తుకు తెస్తుంది. రీళ్లను కారులో వదలకూడదు. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా మీద తేమ పట్టకుండా కాసేపు సంచిలోనే ఉంచి తరువాత తీయాలి. ప్వెబ్లాలో పోపోకాతెపెట్ల్ అగ్నిపర్వతం అప్పుడప్పుడు బూడిద చిమ్ముతుంది. 2023 మే నెలలో ఆ బూడిద వల్లే విమానాశ్రయాలను కొన్ని గంటలపాటు మూసివేశారు. అది గాజుపొడి వంటిది కాబట్టి లెన్సు మీద పడితే గుడ్డతో తుడవకుండా, నొక్కితే గాలి వదిలే రబ్బరు బల్బుతో ఊదాలి. ఊరికీ ఊరికీ మధ్య పగటి బస్సులలోనే, సుంకం చెల్లించే రహదారి మీద వెళ్లే మొదటి తరగతి బస్సులలోనే ప్రయాణించాలి.

1985, 2017, 2022 సంవత్సరాలలో మెక్సికోలో పెద్ద భూకంపాలు వచ్చింది సెప్టెంబరు 19వ తేదీనే. రాజధానిలో వీధి స్పీకర్ల నుంచి హెచ్చరిక సైరను మోగితే కొన్ని సెకన్ల వ్యవధి దొరకవచ్చు. ఆ సెకన్లలో సంచి కోసం వెనక్కి వెళ్లకూడదు. హోటలులో చేరిన రోజే బయటికి దారి ఏదో చూసుకోవాలి. అత్యవసర సహాయానికి 911, పర్యాటకుల సహాయానికి 078 నంబర్లు ఉన్నాయి. భారత రాయబార కార్యాలయం పొలాంకో పేటలో ఉంది. మిమ్మల్ని బంధించామని చెప్పి ఇంటికి ఫోను చేసి డబ్బు గుంజే మోసాలు అక్కడ ఉన్నాయి. అందుకని అమ్మానాన్నలతో ముందే ఒక రహస్య మాట అనుకోవాలి, రోజూ ఒకే వేళకు సందేశం పంపాలి.

తిరుగు ప్రయాణానికి ముందు మూడు నాలుగు రోజులు మెక్సికో నగరంలో ఉండేలా చూసుకుని, రీళ్లన్నిటినీ అక్కడే కడిగించుకోవాలని గట్టిగా చెబుతాను. కడిగిన ఫిల్ముకు ఏ ఎక్స్‌రే వల్లా హాని లేదు. పాతబస్తీలోని దొన్సేలెస్ వీధిలో పాత పుస్తకాల అంగళ్ల పక్కనే కెమెరా దుకాణాలు, మరమ్మతు చేసేవారు వరుసగా ఉన్నారు. రీలును అక్కడ 'రొయ్యో' అని, కడగడాన్ని 'రెవెలాదో' అని అంటారు. నలుపు తెలుపు రీళ్లకు ఎక్కువ రోజులు పట్టవచ్చు కాబట్టి వాటిని ముందుగా ఇవ్వాలి. అన్నిటినీ ఒకేసారి ఇవ్వకుండా మొదట ఒక్క రీలు కడిగించి చూసుకుని, తృప్తి కలిగాక మిగతావి ఇచ్చి, రసీదు మీద రాసిన రీళ్ల సంఖ్యను దుకాణం దాటకముందే లెక్కచూసుకోవాలి.