లైబీరియాలో క్రైస్తవ కాలేజీ కట్టాలంటే

కాలేజీ అనగానే చాలా సంఘాలు ముందు భవనం ప్లాను గీయించి, దాన్ని చూపించి చందాలు పోగుచేస్తాయి. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో ఈ వరస పనికిరాదు. 1989 చివర్లో మొదలైన అంతర్యుద్ధం మధ్యలో కాస్త ఆగి, 2003 ఆగస్టులో ఘనా రాజధాని అక్రాలో ఒప్పందం కుదిరేదాకా సాగింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఒకరు వదిలి పారిపోయిన స్థలంలో ఇంకొకరు కాపురం పెట్టారు. ఒకే స్థలానికి ఇద్దరు ముగ్గురు దస్తావేజులు పట్టుకొచ్చినా అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. అందుకే పని భూమితో మొదలవ్వాలి.

భూమి ఎవరిది?

లైబీరియా రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం భూమి పౌరులకే దక్కుతుంది. 27వ అధికరణం ప్రకారం నల్లజాతివారు, వారి సంతతి మాత్రమే పౌరులు కాగలరు. కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లిన పాస్టరు గారి పేరున కొంటే ఆ కొనుగోలు నిలవదు. విదేశీ మిషనరీ, విద్యా సంస్థలకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. ఏ పనికని కొన్నారో ఆ పనికి వాడినంత కాలం భూమి సంస్థదే, వాడకం ఆగితే ప్రభుత్వానికి పోతుంది. ‘ముందుచూపుతో’ వంద ఎకరాలు కొని పది వాడటంలో ఉన్న ప్రమాదం ఇదే. మొదటి పదేళ్లకు సరిపడేంత తీసుకోండి.

మన దగ్గర లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీస్తే సగం సంగతి తేలిపోతుంది. అక్కడ కాగితం కంటే కాళ్లకే పని ఎక్కువ. ఊరి పెద్దలతో, నాలుగు వైపులా ఉన్న పొరుగువాళ్లతో కలిసి హద్దుల వెంట నడవండి. సర్వే రాళ్లు వాళ్ల కళ్లెదుటే పాతించండి. 2018 భూహక్కుల చట్టం కాగితం లేకపోయినా ఊరి ఉమ్మడి భూమిపై ఊరికి హక్కును గుర్తించింది. అందుకని చీఫ్ ఒక్కడి సంతకం చాలదు. ఆడవాళ్లు, కుర్రాళ్లు కూడా కూర్చున్న సభలో మాట తేలాలి.

అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి, రెండూ ఇబ్బందిగానే ఉంటాయి. మొదటిది: యుద్ధానికి ముందు ఇక్కడ ఎవరుండేవారు? నింబా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) గియో, మనో తెగల జనానికీ, పారిపోయి తిరిగొచ్చిన మండింగో తెగవాళ్లకూ మధ్య ఇలాంటి తగాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. మండింగోల్లో ఎక్కువమంది ముస్లింలు. పారిపోయిన ముస్లిం కుటుంబం ఇంటి జాగాలో క్రీస్తు పేరిట కాలేజీ లేస్తే, ఆ తగాదాను కోర్టు తీర్చినా ఊరు మరిచిపోదు. రెండోది: ఇక్కడ ఎవరినైనా పాతిపెట్టారా? రాజధాని మన్రోవియాలోని సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చిలో 1990 జులై 29న సుమారు 600 మందిని చంపారు. వాళ్ల సామూహిక సమాధులు ఆ ఆవరణలోనే ఉన్నాయి. పునాది తవ్వుతుండగా ఎముకలు బయటపడితే పని ఆపి, పెద్దలను పిలిచి, వాళ్లు చెప్పినట్టే చేయండి.

అనుమతి, చదువు

ఉన్నత విద్యా సంస్థలకు అనుమతులిచ్చేది జాతీయ ఉన్నత విద్యా కమిషన్. గోడలు లేపాక దరఖాస్తు పెట్టడం తప్పు. కోర్సులకు ఏ గదులు కావాలో, ఎంతమంది అధ్యాపకులు కావాలో ముందు తేలితేనే ప్లాను సరిగ్గా వస్తుంది. నర్సింగ్ పెట్టాలనుకుంటే దగ్గర్లో శిక్షణకు ఆసుపత్రి ఉండాలి, అది లేకుండా ల్యాబు కట్టి లాభం లేదు. మొదట టీచర్ ట్రైనింగు, వ్యవసాయం, వేదాంతం చాలు.

2013లో లైబీరియా విశ్వవిద్యాలయం ప్రవేశపరీక్ష రాసిన సుమారు 25 వేల మందీ తప్పారు. పిల్లలకు తెలివి లేక కాదు, బడులు మూతబడి, టీచర్లు వలసపోయి పునాదే పోయింది. కాబట్టి మొదటి సెమిస్టరును ఇంగ్లిషు, లెక్కలకే వదిలేయండి. 30 దాటిన విద్యార్థులు వస్తారు, సర్టిఫికెట్లు పోయినవాళ్లు వస్తారు. కాగితం లేదని తిప్పి పంపకుండా పరీక్ష పెట్టి చేర్చుకోండి.

కట్టడం

మన్రోవియాలో ఏటా దాదాపు 4,600 మి.మీ. వాన పడుతుంది, కోస్తాంధ్రకు నాలుగింతలు. మే నుంచి అక్టోబరు దాకా ఎడతెరిపి ఉండదు. హైవే దిగాక ఉండే ఎర్రమట్టి దారుల్లో లారీలు జులైలో దిగబడిపోతాయి. నవంబరులో పునాది తీసి, ఏప్రిల్ లోపు రేకులు వేయండి. ఈ గడువు తప్పితే ఒక ఏడాది పోయినట్టే.

వానాకాలం వృథా కానక్కర్లేదు. ఒక షెడ్డు వేసి సిమెంటు బ్లాకులు పోయించండి. గాలిలో తేమ ఉంటుంది కాబట్టి నీళ్లు మోసే బాధ తగ్గుతుంది. డిసెంబరు, జనవరిలో సహారా నుంచి హర్మట్టన్ పొడిగాలి వీస్తుంది. అప్పుడు పోస్తే మాత్రం గోనెసంచులు కప్పి, కనీసం ఏడు రోజులు పూటకోసారి తడపాలి. లేదంటే పైన గట్టిగా కనిపించే బ్లాకు లోపల పిండిలా ఉంటుంది.

తొమ్మిది మీటర్లు పొడవు, ఏడు మీటర్లు వెడల్పు, మూడు మీటర్లు ఎత్తు ఉన్న తరగతి గదికి తలుపులు, కిటికీలు పోను సుమారు 80 చదరపు మీటర్ల గోడ వస్తుంది. 40 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. ఎత్తు, 15 సెం.మీ. మందం ఉన్న బోలు బ్లాకులు చదరపు మీటరుకు పన్నెండున్నర లెక్కన వెయ్యి, పగిలేవాటితో కలిపి 1,050 పోయించాలి. సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు కలిపితే 50 కిలోల బస్తాకు 28 దాకా వస్తాయి, అంటే బ్లాకులకే 38 బస్తాలు. బస్తాకు 45 తీశామని మేస్త్రీ గొప్పలు చెప్పుకుంటే పాళ్లు ఒకటికి పది అయ్యాయన్నమాట. ఆరిన బ్లాకును నడుమెత్తు నుంచి మట్టినేల మీద వదలండి. రెండు ముక్కలైతే ఫరవాలేదు, పొడిపొడి అయితే ఆ విడత మొత్తం పక్కన పడేయాలి. బస్తాలను నేలకు 15 సెం.మీ. ఎత్తున చెక్కల మీద, గోడకు తగలకుండా పేర్చండి. లోపలికి వచ్చిన బస్తాలు, బయటికి పోయిన బస్తాలు రెండు చేతిరాతల్లో రాయించండి. ఒకరే రాస్తే దొంగ లెక్క పట్టుబడదు.

సముద్రపు ఇసుక చవగ్గా దొరుకుతుంది. ఒద్దు. ఉప్పు ఇనుమును తినేస్తుంది, పైగా ఆ తవ్వకాలతో తీరం కోసుకుపోతోంది. ఏటి ఇసుకే వాడండి.

గోడల పైన నలువైపులా కలిసే బెల్టు బీము తప్పనిసరి: 12 మి.మీ. కడ్డీలు నాలుగు, 20 సెం.మీ.కి ఒక రింగు. పైకప్పు వాలు 20 డిగ్రీలకు తగ్గొద్దు, చూరు 90 సెం.మీ. బయటికి రావాలి. ప్లింత్ (గోడ లేచే పునాది మట్టం) నేలకు 45 సెం.మీ. ఎత్తుంటే చూరు నీళ్ల చిందులు గోడను తినవు. వాసాలకు చెదల మందు పూసి, రేకులను మేకులతో కాకుండా వాషరున్న స్క్రూలతో బిగించండి. మేకు వదులై గాలికి ఒక్క రేకు లేచినా మిగతావి వరసగా పోతాయి. ఈ గది కప్పు మీద వంద మి.మీ. వాన పడితే ఏడున్నర వేల లీటర్లు పట్టుకోవచ్చు. అయితే మొదటి వాన వదిలేయాలి. బావికీ మరుగుదొడ్డి గుంటకూ మధ్య 30 మీటర్లు ఉండాలి.

మౌంట్ కాఫీ జలవిద్యుత్ కేంద్రం యుద్ధంలో ధ్వంసమై, 2016 డిసెంబరులో గానీ మళ్లీ పనిచేయలేదు. ఊళ్లలో కరెంటును నమ్మి ప్లాను వేయకండి. సోలారు వేస్తే వానాకాలపు దిగుబడినే లెక్కకు తీసుకోండి.

ఎపిస్కోపల్ చర్చి 1889లో పెట్టిన కటింగ్టన్ కాలేజీ 1990లో యుద్ధంతో మూతబడి 1998లో తెరుచుకుంది. ఆ దేశంలో చర్చి కాలేజీ కొత్త సంగతేం కాదు, జనం వాటిని జీతాలు సకాలంలో పడతాయా లేదా అన్నదాన్ని బట్టి లెక్కిస్తారు. చందాల డబ్బులో ఏడాది జీతాలు విడిగా బ్యాంకులో పడ్డాకే రెండో భవనం మొదలుపెట్టండి. ప్రార్థనామందిరం ఆఖర్న. అప్పటిదాకా భోజనశాల చాలు, బెంచీలు తిప్పితే ఆదివారం అదే చర్చి.