సీనియర్లూ, మిమ్మల్ని ఫస్టియర్ వాళ్లకి మెంటార్‌గా (దారి చూపే తోడుగా) వేశారా? ఇలా చేసి చూడండి

ఇంజినీరింగ్‌లో చేరగానే 3 వారాల ఇండక్షన్ (కాలేజీకి అలవాటు చేసే కార్యక్రమం), 20 మందికో ఫ్యాకల్టీ మెంటార్ ఉండాలని సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎప్పుడో చెప్పింది, సరే, కానీ పిల్లలు అసలు డౌట్లు అడిగేది మాత్రం సీనియర్లనే.

మొదటిరోజు స్పీచ్ ఇవ్వొద్దు ప్లీజ్. ఎగ్జామ్ బ్రాంచ్, జిరాక్స్ షాపు, బస్ పాస్‌కి బోనఫైడ్ ఇచ్చే కౌంటర్, ఇవన్నీ తిప్పి చూపించండి చాలు. అటెండెన్స్ 75 శాతం లెక్క కూడా అప్పుడే చెప్పేయండి.

అసలు కష్టం చదువు దగ్గరే, ఇంటర్‌లో రెండేళ్లు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) బిట్లు కొట్టీ కొట్టీ వచ్చినవాళ్లకి సెమిస్టర్‌లో పేజీలు రాయమంటే చెయ్యి ఆడదు, తెలుగు మీడియం వాళ్లయితే క్లాసులో నోరే విప్పరు. అందుకని పాత పేపర్ ఒకటి తీసి ఒక్క ప్రశ్నకి కలిసి జవాబు రాయండి: ముందు డెఫినిషన్, తర్వాత బొమ్మ, పక్కన లేబుళ్లు, ఆ తర్వాత స్టెప్పులు. తెలుగులోనే మాట్లాడుకోండి, రాసేది ఇంగ్లిష్‌లో. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపేస్తారు, "ఇప్పుడు నువ్వు చెప్పు తమ్ముడూ, నేను వింటా" అనండి, అప్పుడు తెలుస్తుంది ఎక్కడ ఆగిపోయాడో.

సార్ అని పిలిపించుకోవడం, మీ ల్యాబ్ రికార్డులు వాళ్లతో రాయించుకోవడం లాంటివి అస్సలొద్దు, అది ర్యాగింగే. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 గ్రూపులో పిన్ చేసి పెట్టండి.

ఎవరైనా మెస్‌కి రావడం మానేసి రూమ్‌లోనే ఉండిపోతుంటే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, తోడు వెళ్లి ఫ్యాకల్టీ మెంటార్ దగ్గర కూర్చోబెట్టండి.