ఆస్పత్రి వార్డులో పెద్దవాళ్ళకు పొద్దుపోక: సమస్య - పరిష్కారం

సమస్య: పగలంతా మగతగా పడుకుంటారు. రాత్రి లేచి కూర్చుని "ఇంటికి పోదాం పద" అని గొడవ.

కారణం: వయసు మీదకు నెట్టేయకండి. పగలు చేసేందుకు ఏమీ ఉండదు, రాత్రి లైట్లు ఆరవు. కళ్ళజోడు, వినికిడి మిషన్ పోతాయేమోనని మనమే ఇంట్లో దాచేసి వస్తాం. అయితే మనిషి ఒకటి రెండు రోజుల్లోనే మారిపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా, పిలిస్తే పలకకపోయినా అది డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల ఉన్నట్టుండి మతి తడబడటం, కావచ్చు. ఇన్ఫెక్షన్, కొన్ని మందులు, మూత్రం ఆగిపోవడం, రక్తంలో సోడియం అనే లవణం తగ్గడం వల్ల వస్తుంది. వెంటనే సిస్టర్‌కి చెప్పండి, కబుర్లతో సరిపెట్టకండి.

ఏం చేయాలి: కళ్ళజోడు, వినికిడి మిషన్, దాని బ్యాటరీలు, కట్టుడు పళ్ళు తెప్పించండి. డాక్టరు సరేనంటే పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో మీరే మాటల్లో చెప్పండి. "ఏ వారమో చెప్పు?" అని పరీక్ష పెట్టొద్దు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ డాక్టర్లు 70 ఏళ్ళు, ఆపైన ఉన్న 852 మంది రోగులను గమనించి, 1999లో ఫలితాలు ప్రచురించారు. చూపు, వినికిడి, నిద్ర, నడక, మాటామంతీ పట్టించుకున్న చోట డెలీరియం 9.9 శాతం మందికే వచ్చింది, మామూలు వార్డుల్లో 15 శాతం మందికి.

సమస్య: ఫోన్లో భజనలు పెట్టినా మొహం తిప్పుకుంటారు.

కారణం: ఆయనకు భజనలు ఇష్టమని ఎవరు చెప్పారు? ముసలివాళ్ళందరికీ ఒకటే మందు అనుకుంటాం మనం.

ఏం చేయాలి: ఏం పని చేసేవారు, ఎలా పిలిస్తే పలుకుతారు, కాఫీనా టీనా, దేనికి విసుక్కుంటారు అన్నవి ఒక కాగితం మీద రాసి మంచం దగ్గర ఉంచండి. రాత్రికి తమ్ముడొచ్చినా, సిస్టర్ల డ్యూటీ మారినా పనికొస్తుంది. కిరాణా కొట్టు నడిపినాయనకు మందుల బిల్లులిచ్చి కూడిక సరిచూడమనండి. ఉత్తుత్తి పని ఇస్తే ఇట్టే కనిపెడతారు. చేతి పని అలవాటున్నావిడకు వత్తులు చేయడానికి దూది ఇవ్వండి. రైతైతే ఈసారి ఏ విత్తనం వేయాలో సలహా అడగండి, నిజంగానే అడగండి.

సమస్య: మొదలుపెట్టిన కాసేపటికే వదిలేస్తారు.

కారణం: చాలాసార్లు సెలైన్ సూది పనిచేసే చేతికే ఉంటుంది. లేదంటే నొప్పి, లేదంటే బాత్రూమ్‌కి వెళ్ళాలని చెప్పడానికి మొహమాటం.

ఏం చేయాలి: సూది మార్చేటప్పుడు రెండో చేతికి కుదురుతుందేమో అడగండి. నొప్పి మందు పనిచేసే వేళ చూసుకోండి. పది నిమిషాలు చాలు.

సమస్య: "నాకేం వద్దు, పడుకోనీ."

ఏం చేయాలి: పడుకోనివ్వండి. సాయంత్రం మళ్ళీ అడగండి. రోజుల తరబడి తిండి కూడా వద్దంటుంటే మాత్రం రౌండ్స్‌లో డాక్టరుకు చెప్పండి, డిప్రెషన్ ఉందేమో చూస్తారు.