వయార్తా నుంచి బోకాకి లోకల్ బస్సులో: పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేలా

మెక్సికో పసిఫిక్ తీరంలో పుయెర్తో వయార్తాకి దక్షిణంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలర్ల ఊరు బోకా దె తోమాత్లాన్. బోకా అంటే స్పానిష్‌లో నోరు. మనం ఏటి మొగ అంటామే, అదే. 200 నంబరు హైవే ఇక్కడిదాకా సముద్రం పక్కనే వచ్చి, ఆపైన కొండల్లోకి మళ్లుతుంది. అవతలి తీరపు ఊళ్లకు వెళ్లాలంటే ఇక్కడ బస్సు దిగి పడవ ఎక్కడమో, కాలిబాట పట్టడమో చెయ్యాలి.

బస్సు వయార్తా పాత ఊళ్లోని జోనా రొమాంతికాలో, బసీలియో బదియో, కోన్స్‌తితుసియోన్ వీధులు కలిసే మూలన ఎక్కాలి. ముందు అద్దం మీద 'బోకా' అని ఉందో లేదో చూసుకోండి. కొన్ని దారిలో వచ్చే బీచ్ ఊరు మిస్మలోయాతోనే ఆగిపోతాయి. కండక్టరు ఉండడు. ముందు గుమ్మంలో ఎక్కి డ్రైవరుకే డబ్బులివ్వాలి. ఛార్జీ కొద్దిపాటిదే కాబట్టి 5, 10 పెసోల నాణేలు దగ్గరుంచుకోండి. 500 నోటు చూపిస్తే చిల్లర లేదంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. టికెట్టు చీటీ ఇస్తే దిగేదాకా పారెయ్యొద్దు, తనిఖీకి ఎవరైనా ఎక్కవచ్చు. ధరల పక్కన కనిపించే డాలరు గుర్తు ఇక్కడ పెసోకి కూడా వాడతారు, కంగారు పడకండి.

వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, సముద్రం అటే. దారిలో నీళ్లలోంచి లేచిన లాస్ ఆర్కోస్ రాళ్లు కనిపిస్తాయి. ప్రయాణం అరగంట నుంచి ముప్పావు గంట. మలుపులు ఎక్కువ కాబట్టి వాంతులయ్యే వాళ్లు ముందు సీట్లలో కూర్చుంటే మేలు. మధ్యలో దిగాలంటే బటన్ నొక్కండి, పనిచేయకపోతే గట్టిగా 'బాహాన్!' అనండి. దిగేవాళ్లున్నారని అర్థం. బోకా మాత్రం ఆఖరి స్టాపు.

ఈ యాత్రలో చెడేది ఎప్పుడూ తిరుగు ప్రయాణమే. అందుకే రోజును వెనకనుంచి లెక్కేసుకోండి. ఒడ్డున పడవవాళ్లను మొదట అడగాల్సింది టికెట్టు ధర కాదు, ఆఖరి పడవ వేళ: 'ఆ కె ఓరా సాలె లా ఊల్తిమా పాంగా?' దానికంటే ఒక పడవ ముందుదే మీది అనుకోండి. ఆఖరిది నిండిపోవచ్చు, జనం లేకపోతే త్వరగా బయల్దేరిపోనూవచ్చు. రానూపోనూ టికెట్టు ఒకేసారి కొంటే వేరేవాళ్ల పడవలో అది చెల్లకపోవచ్చు. అందుకే ఒకవైపుకే కొనండి.

నడిచే ఓపిక ఉంటే, పొద్దున 9 లోపు బోకాలో ఏరు దాటి కొండవాలు బాట పట్టండి. కొలోమీతోస్ అనే చిన్న బీచ్ మీదుగా, పడవలు ఆగే లాస్ ఆనిమాస్ బీచ్ చేరడానికి దాదాపు రెండు గంటలు. మనిషికి లీటరున్నర నీళ్లు, పట్టున్న బూట్లు ఉండాలి. హవాయి చెప్పులతో ఆ రాళ్ల మీద పని జరగదు. వెళ్లేటప్పుడు నడవండి, వచ్చేటప్పుడు పడవెక్కండి. తిరగేసి చేస్తే మిట్టమధ్యాహ్నపు ఎండలో, అలసిపోయిన కాళ్లతో నడవాలి. డిసెంబరులో సాయంత్రం 6:20 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది, చీకట్లో ఆ బాట మంచిది కాదు. జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా వానలు. అప్పుడు బాట జారుతుంది, ఏటి బురదకు మొగ దగ్గర సముద్రం కూడా ఎర్రబారుతుంది. ఆ నెలల్లో బోకా వరకే చాలు.

పాంగా అంటే పైకప్పు అంతంతమాత్రంగా ఉండే మోటారు పడవ. ముక్కు దగ్గర కూర్చుంటే ప్రతి అలకూ నడుం అదురుతుంది, వెనక కూర్చోండి. మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి పొద్దున నున్నగా ఉన్న నీళ్లు సాయంత్రం ఎగరేస్తాయి. ఫోను, పాస్‌పోర్టు కాపీ జిప్ కవర్లో పెట్టండి. డిసెంబరు నుంచి మార్చి దాకా అయితే తిమింగలాలు కనిపించే అవకాశం ఉంది.

తిండి దగ్గర శాకాహారులకో మాట. 'సిన్ కార్నె' అంటే మాంసం లేకుండా అనే, కానీ చికెన్, చేప ఆ లెక్కలోకి రావని చాలామంది అనుకుంటారు. కాబట్టి 'సిన్ పోయో, సిన్ పెస్కాదో' కూడా చేర్చండి. బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి పులుసు పడటం మామూలు. 'తియెనె మాంతెకా?' (పంది కొవ్వు ఉందా?) అని అడగండి. రొట్టెలో చీజ్ పెట్టి మడిచి కాల్చే కెసాదియా చాలావరకు క్షేమం. చేప తినేవాళ్లు పుల్లకు గుచ్చి కాల్చే 'పెస్కాదో ఎంబరసాదో' వదలొద్దు. పేరుకు 'గర్భంతో ఉన్న చేప' అని అర్థం వస్తుంది గానీ, 'పుల్ల మీద కాల్చిన' అనే మాటే అలా మారిందని చెబుతారు.

ఆదివారాలు స్థానిక కుటుంబాలన్నీ కదులుతాయి, సాయంత్రం బస్సులు కిటకిటలాడతాయి. అయినా బోకాలో ఎక్కేవాళ్లకు సీటు దొరుకుతుంది, బస్సు మొదలయ్యేది అక్కడే. మధ్యలో మిస్మలోయాలో ఈతకు దిగితే మాత్రం నిండిన బస్సులో నిలబడి రావాలి. ఈత కొట్టాలనుంటే ఆ ఆపుడేదో పొద్దున వెళ్లేటప్పుడే పెట్టుకోండి.